గుర్రపు గిట్టల కుళ్ళు – నివారణ, చికిత్స
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి నెలా ఒక సభ్యుడు తాను పనిచేసిన శాఖకు సంబంధించి పదిమందికీ పనికివచ్చే విషయం ఒకటి చెప్పాలని మనం అనుకున్నాం. ట్రెజరీ మిత్రులు ఫ్యామిలీ పెన్షను కాగితాల గురించి చెప్పారు. రిజిస్ట్రేషన్ల శాఖ మిత్రులు వీలునామా గురించి చెప్పారు. ఇప్పుడు నా వంతు వచ్చింది. నేను 1974లో పశుసంవర్ధక శాఖలో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. గుర్రపు గిట్టల గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు ఒక్క క్షణం నా ముఖం చూసి, "గేదెల గురించి అయితే బాగుంటుందేమోనండీ" అన్నారు. గేదెల గురించి చెప్పేవారు కావలసినంత మంది ఉన్నారు. గుర్రం గురించి తెలిసినవారు తగ్గిపోయారు గానీ గుర్రాలు మాత్రం పోలేదు. అందుకని పట్టుబట్టి ఒప్పించాను. రేసుల గురించి చెబుతానని ఎవరైనా ఆశపడి వచ్చి ఉంటే నిరాశ తప్పదు. నేను మలక్‌పేట మైదానం గేటు కూడా దాటలేదు.

ముందుగా ఒక మాట. నేను డాక్టరును కాను. పశువైద్యశాలలో నా బల్ల పక్కన ఉన్న కిటికీలోంచి చూస్తే ఎదురుగా ట్రెవిస్ కనిపించేది. ట్రెవిస్ అంటే పశువు కదలకుండా నిలబెట్టే చట్రం. బిల్లులు రాసుకుంటూ, తల ఎత్తినప్పుడల్లా అక్కడ జరిగేది చూస్తూ చాలా ఏళ్ళు గడిపాను. మా డాక్టర్లలో ఒకరు వివరంగా చెప్పే మనిషి. ఆయన దగ్గర విన్నదీ, తరువాత చదివి సరిచూసుకున్నదీ మీకు చెబుతున్నాను.

జట్కాలు పోయాయి నిజమే. కానీ మన ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపుకు ఇప్పటికీ గుర్రం కావాలి. విశాఖ బీచిలో పిల్లలను ఎక్కించుకుని తిప్పే గుర్రాలున్నాయి. పాడేరు వైపు కొండ గ్రామాల్లో బరువులు మోసే గుర్రాలున్నాయి. హైదరాబాదు చుట్టుపక్కల స్వారీ నేర్పే స్కూళ్ళు వెలిశాయి. మన సభ్యులలో ఇద్దరి మనుమలు అక్కడ నేర్చుకుంటున్నారు. ఒక సభ్యుని అల్లుడు గారు తోటలో సరదాగా రెండు గుర్రాలు పెంచుతున్నారు. ఆ తోటకు వెళ్ళివచ్చిన ఆయనే, "గుర్రం కాలెత్తితే చచ్చిన ఎలుక వాసన వస్తోందండీ, గుర్రం అంటే అంతేనా?" అని నన్ను అడిగారు. అంతే కాదు. ఆరోగ్యంగా ఉన్న గిట్టకు దుర్వాసన ఉండదు. ఆ వాసన ఒక జబ్బు. దాన్ని ఇంగ్లీషులో థ్రష్ అంటారు. చంటిపిల్లల నోటిపూతకు కూడా అదే పేరు గానీ, రెండిటికీ ఏ సంబంధమూ లేదు. మనం గిట్ట కుళ్ళు అనుకుందాం.

గుర్రం కాలు ఎత్తి గిట్ట అడుగు చూస్తే, మడమ వైపు వెడల్పుగా మొదలై ముందుకు వచ్చేసరికి మొనదేలే ముక్కోణం ఒకటి కనిపిస్తుంది. అది మిగతా గిట్టలాగా గట్టిగా ఉండదు. బొటనవేలితో నొక్కితే గట్టి రబ్బరులా తగులుతుంది. ఇంగ్లీషు పుస్తకాలలో దాని పేరు ఫ్రాగ్. దానికీ కప్పకూ ఏం పోలికో మా డాక్టరు గారు కూడా చెప్పలేకపోయారు. లాడాలు కొట్టే సాయిబులు దాన్ని పుత్లీ అనేవారు. నాకు ఆ మాటే అలవాటు. పుత్లీ మధ్యలో ఒక పల్లం, ఇరుపక్కలా రెండు లోతైన చాళ్ళు ఉంటాయి. గుర్రం బరువు నేల మీద పడినప్పుడు మడమలు కాస్త విచ్చుకుంటాయి, పుత్లీ ఆ అదురును ఓర్చుకుంటుంది. కాలిలో రక్తం పైకి పోవడానికి కూడా ఈ నడకే సాయం. నడవని గుర్రానికి గిట్ట చెడుతుందనడానికి ఒక కారణం ఇదే.

ఆ చాళ్ళలో పేడ, బురద ఇరుక్కుని అలాగే ఉండిపోతే లోపలికి గాలి ఆడదు. గాలి తగలని చోట పెరిగే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఫ్యూజోబాక్టీరియం నెక్రోఫోరం. పేడలో, మురికి నేలలో ఇవి ఎప్పుడూ ఉండేవే. మూత్రంలో నాని మెత్తబడిన పుత్లీలోకి చేరి దాన్ని తినేస్తాయి. మొదట చాలులో నల్లటి జిగురు, వాసన. తరువాత పుత్లీ అంచులు చిరిగి పీలికలవుతాయి. అప్పటికింకా గుర్రం కుంటదు. అందుకే యజమాని పట్టించుకోడు. కుళ్ళు లోపలి సజీవమైన కండ దాకా పోయినప్పుడు చాలులో వేలు పెడితే గుర్రం కాలు లాక్కుంటుంది, రాళ్ళ మీద అడుగు వెయ్యనంటుంది. వెనుక కాళ్ళకు ఎక్కువగా వస్తుంది. కారణం ఊహించుకోవచ్చు, పేడా మూత్రమూ పడేది అక్కడే. ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి అంటుకునే జాతి రోగం కాదిది. అయినా ఒకే సాలలో నాలుగు గుర్రాలుంటే నాలుగింటికీ వస్తుంది, నేల ఒకటే కాబట్టి.

ఇప్పుడు 1977 నాటి సంగతి ఒకటి చెప్పాలి. అప్పుడు గోదావరి జిల్లాలో రైలు స్టేషను ఉన్న ఒక చిన్న పట్టణంలో ఉద్యోగం. నెలాఖరు రిపోర్టు తయారు చేయడానికి అవుట్ పేషంట్ రిజిస్టరు తిరగేస్తుంటే ఒక జట్కా సాయిబు పేరు మాటిమాటికీ కనిపించింది. జూలై నుంచి అక్టోబరు దాకా తొమ్మిది సార్లు. గుర్రం, వెనుక కాళ్ళు, గిట్ట పుండు, టించర్ అయోడిన్. వారం పదిరోజులకు మళ్ళీ అదే గుర్రం, అవే కాళ్ళు, అదే మందు. స్టాకు రిజిస్టరులో టించర్ అయోడిన్ ఖర్చు ఎక్కువగా కనబడుతోంది, ఆడిట్ వాళ్ళు అడిగితే సమాధానం ఏం రాయాలి అన్నది నా బాధ. కొత్తగా బదిలీ మీద వచ్చిన డాక్టరు గారి ముందు రెండు రిజిస్టర్లూ పెట్టాను. ఆయన అన్నీ చూసి, "సాయంత్రం ఇంటికి పోతూ ఆ గుర్రాన్ని ఎక్కడ కడుతున్నాడో చూసిపోదాం రండి" అన్నారు.

స్టేషను వెనుక వీధి. ఇంటి పక్కగా దింపిన తాటాకు చూరు కింద ఎర్ర గుర్రం. ఇంట్లో స్నానాల నీళ్ళు బయటికి వచ్చే తూము సరిగ్గా దాని వెనుక కాళ్ళ దగ్గరే. సాయిబు నిర్లక్ష్యం మనిషి కాదు. తాను తిన్నా తినకపోయినా గుర్రానికి ఉలవలు తప్పించేవాడు కాదు. కింద పొడిగా కనబడాలని రోజూ కొత్త వరిగడ్డి కూడా వేస్తున్నాడు. కానీ పాత గడ్డి తీయకుండా దాని మీదే వేస్తున్నాడు. డాక్టరు గారు చేతికర్ర గుచ్చి చూస్తే జానెడు లోతు దాకా నల్లటి ఊబి. కర్ర లాగేసరికి లేచిన ఘాటుకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

"ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నావు సాయిబూ, ఈ గడ్డి?"

"వానలు మొదలైన కాడి నుంచీ అయ్యా. పైన పొడిగానే ఉంటాది గదండీ."

ఆ వారమే గుర్రాన్ని అమ్మేయడానికి మాట కూడా అయిపోయిందని అప్పుడు చెప్పాడు. కుంటి గుర్రానికి ఎంత వస్తుంది? అది కొన్న అప్పుకు కూడా చాలదు. అమ్మేస్తే ఆయన రిక్షా తొక్కాలి. అప్పటికే యాభై దాటిన మనిషి. ఆయన భార్య గుమ్మంలోంచి వింటూ ఉంది, ఒక్క మాటా మాట్లాడలేదు.

డాక్టరు గారు ఆ రోజు కొత్త మందేమీ రాయలేదు. గుర్రాన్ని ఆ క్షణమే అక్కడి నుంచి విప్పించి స్టేషను ఆవరణలో కంకర పరిచిన చోట చెట్టు కింద కట్టించారు. ఆదివారం నాటికి చూరు కింద మన్ను ఒక అడుగు లోతు తవ్వి పారబోశారు. ఇటుకల బట్టీ దగ్గర ముక్కిటుకలు చవగ్గా దొరికితే ఒక బండెడు తెచ్చి పరిచి, పైన గోదావరి ఇసుక పోసి, నీరు నిలవకుండా వెనక్కి వాలు పెట్టారు. తూమును ఇంకో వైపుకు మళ్ళించారు. పక్క ఇళ్ళ జట్కావాళ్ళు వచ్చి చెయ్యి వేశారు. గుర్రం గిట్టలకు వాడింది మాత్రం ఆ పాత టించర్ అయోడినే. వారానికి వాసన పోయింది. మూడు వారాలకు గుర్రం మళ్ళీ స్టేషనుకు బండి లాగింది. నవంబరు, డిసెంబరు రిజిస్టర్లలో సాయిబు పేరు లేదు. ఆ సంగతి నేను ప్రత్యేకంగా చూసుకున్నాను.

ఇక చికిత్స ఎలా చేయాలో చెబుతాను. మొదట గిట్టలో ఇరుక్కున్నదంతా తీసి శుభ్రం చేయాలి. కుళ్ళి వేలాడుతున్న పీలికలను కోసివేయాలి, అప్పుడే లోపలికి గాలి, మందు చేరతాయి. ఈ కోత పని డాక్టరుగానీ, చెయ్యి తిరిగిన లాడాల మనిషిగానీ చేయాలి. రక్తం చూసేదాకా కోయకూడదు. కడగవలసి వస్తే కడిగి, వెంటనే పొడి గుడ్డతో చాళ్ళ లోపలి దాకా తుడవాలి. కడిగి తడిగా వదిలేస్తే కడగనట్టే. తరువాత డాక్టరు చెప్పిన మందు, అంటే పోవిడోన్ అయోడిన్ గానీ, టించర్ అయోడిన్ గానీ చాలు అడుగు దాకా వెళ్ళేటట్టు పెట్టాలి. పైపైన పూస్తే లాభం లేదు. లోతుగా ఉంటే మందులో ముంచిన దూది చిన్న వత్తిగా చేసి చాలులో కూర్చి, ప్రతి రోజూ మార్చాలి. మార్చడం మరచిపోతే ఆ దూదే మురికి పట్టి కూర్చుంటుంది. మైలతుత్తం కూడా వాడుక ఉంది. పనిచేస్తుంది, కానీ పచ్చి కండ మీద పడితే కాలుస్తుంది. ఘాటు ఫార్మలిన్ కూడా అంతే. మోతాదు డాక్టరును అడగకుండా ఈ రెండూ ముట్టుకోవద్దు. జబ్బు తేలికగా ఉంటే రోజూ చేస్తూ పోతే ఒకటి రెండు వారాలలో తగ్గుతుంది. చిరిగిన పుత్లీ పూర్తిగా కొత్తది రావడానికి నెలలు పడుతుంది. కాబట్టి వాసన పోయింది కదా అని మానేయకూడదు.

పుత్లీ మీద కాలీఫ్లవరు పువ్వులా మెత్తగా పెరిగి, ముట్టుకుంటే రక్తం వస్తుంటే అది ఈ జబ్బు కాదు. దాన్ని కాంకర్ అంటారు. ఇంటి వైద్యంతో రోజులు గడపకుండా డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. కాలు వాచినా, ఉన్నట్టుండి మూడు కాళ్ళ మీద నిలబడినా అంతే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే నా ప్రసంగం సగమే అవుతుంది. అదే ఊళ్ళో, 1979లో, ఒక కుర్రవాడు తండ్రి పోయాక జట్కా నడిపేవాడు. గుర్రానికి ఇదే జబ్బు వస్తే ఎవరో చెప్పారని కత్తితో లోతుగా తవ్వి, రక్తం కారుతుంటే వేడి తారు పోశాడు. పది పన్నెండు రోజుల తరువాత గుర్రం మేత ముట్టడం లేదని పరుగెత్తుకు వచ్చాడు. డాక్టరు గారితో పాటు మేమంతా వెళ్ళాం. గుర్రం నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి కొయ్యగుర్రంలా నిలబడి ఉంది. తోక పైకి లేచి బిగుసుకుపోయింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి. కంటి మూల నుంచి తెల్లటి పొర కన్ను మీదికి వస్తోంది. దవడ తెరుచుకోదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొడితే ఒళ్ళంతా వణికింది. ధనుర్వాతం. దాన్ని చీకటి గదిలో చప్పుడు లేకుండా ఉంచి సీరం ఇచ్చారు. ఐదో రోజు పోయింది. ఆ కుర్రవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ధనుర్వాతానికి గుర్రం లొంగినంత తొందరగా మరే పెంపుడు జంతువూ లొంగదని డాక్టరు గారు చెప్పారు. ఆ క్రిములు మట్టిలో, గుర్రపు పేడలోనే ఉంటాయి. కాబట్టి గుర్రం ఉన్న ప్రతివారూ ధనుర్వాతం టీకా వేయించాలి. ఏ ఏడుకు ఆ ఏడు మళ్ళీ వేయించే సంగతి డాక్టరుతో మాట్లాడి, తేదీ రాసి పెట్టుకోవాలి. కరెంటు బిల్లు తేదీ గుర్తుపెట్టుకునే మనకు ఇది కష్టం కాదు.

నివారణ విషయానికి వస్తే పాడేరులో చూసింది చెబుతాను. 1984 నుంచి మూడేళ్ళు అక్కడ ఉన్నాను. కొండ మీద గ్రామాల వాళ్ళు పసుపు, పిప్పళ్ళమోడి గుర్రాల మీద వేసుకుని సంతకు దిగేవారు. పొట్టి గుర్రాలు. జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడ పడే వాన మీకు తెలుసు. అంత వానలో తిరిగే గుర్రాలకు గిట్టలు కుళ్ళి ఉండాలి కదా అనుకునేవాడిని. చాలావాటికి గిట్టలు రాయిలా ఉండేవి! నీరు నిలవని వాలు మీద కట్టేవారు, రోజూ మైళ్ళు నడిచేవి, రాళ్ళ మీద నడుస్తుంటే చాళ్ళలో పట్టింది ఎప్పటికప్పుడు రాలిపోయేది. ఆసుపత్రికి గిట్ట కుళ్ళుతో వచ్చినవి ఎక్కువగా కింద ఊళ్ళో, దుకాణాల వెనుక రేకుల షెడ్డులో కట్టేసి ఉంచినవి. పైన కప్పు ఉంది, వాన చుక్క పడదు. కింద మాత్రం తడే, నడకా లేదు. వాన నీటి కంటే సొంత మూత్రంలో నిలబడడమే ఎక్కువ చేటు అని నాకు అప్పుడు బాగా అర్థమైంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని గురించి ఒక అధ్యాయం ఉంది. గుర్రం నిలబడే చోట నున్నటి చెక్కలు పరచాలనీ, మూత్రం, పేడ బయటికి పోయే దారి ఉండాలనీ అందులో రాసి ఉంది. అధ్యక్షుడు గుర్రాల వివరాలన్నీ రిజిస్టరులో ఎక్కించాలని కూడా ఉంది. గుమాస్తాగా ఆ భాగం నాకు మరీ నచ్చింది.

కాబట్టి గుర్రం ఉన్నవారు రోజూ తడిసిన గడ్డీ పేడా తీసివేసి, ఆ చోటు ఆరాకే కొత్త గడ్డి వేయాలి. రోజుకు ఒకసారైనా నాలుగు గిట్టలూ ఎత్తి చూడాలి. గుర్రం పక్కన, దాని తోక వైపు మన ముఖం పెట్టి నిలబడి, భుజం నుంచి చెయ్యి కిందికి నిమురుతూ పోయి కాలు ఎత్తాలి. వెనుక కాలయితే తుంటి నుంచి నిమరాలి. ఎప్పుడూ నేరుగా వెనుక నిలబడకూడదు. మొండి కొక్కెంతో మడమ నుంచి ముందుకు గీకాలి, పుత్లీలో గుచ్చకూడదు. తరువాత గట్టి బ్రష్షుతో చాళ్ళు దులిపి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడాలి. నవ్వకండి, జబ్బును అందరికంటే ముందు పట్టేది ముక్కే. గిట్ట నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అందువల్ల ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి గిట్టలు సరిచేయించాలి, లాడం ఉంటే తీయించి మళ్ళీ వేయించాలి. మడమలు ఇరుకుగా, చాళ్ళు లోతుగా ఉండే గుర్రాలకు ఎంత శుభ్రంగా ఉంచినా ఈ జబ్బు రావచ్చు. అలాంటివాటి యజమానిని వెంటనే తప్పు పట్టవద్దు.

పెళ్ళి గుర్రాల సంగతి వేరుగా చెప్పాలి. ముహూర్తాలున్న నెలల్లో రాత్రి పొద్దుపోయేదాకా బ్యాండు మోతలో తారు రోడ్డు మీద నడక. ముహూర్తాలు లేని ఆషాఢంలో, సరిగ్గా వానలు పడే రోజుల్లో, నెల పొడుగునా కట్టుకొయ్య దగ్గరే నిలబెట్టడం. పని లేని రోజుల్లో కూడా గంటసేపు నడిపించమని మీ వీధిలో ఉన్న గుర్రం మనిషికి చెప్పండి. పెద్దవారు చెబితే వింటారు. పెళ్ళికి గుర్రం మాట్లాడేటప్పుడు కాలు ఎత్తించి చూడండి. కుంటుతున్నా, వాసన వస్తున్నా ఆ గుర్రం మీద పెళ్ళికొడుకును ఎక్కించవద్దు. బేరం వదులుకోకుండా ఇంకో గుర్రం తెమ్మనండి, ఆ మనిషి కూలి పోకుండా ఉంటుంది. డాక్టరు దగ్గరకు తీసుకుపోలేని పరిస్థితి ఉంటే పశువుల సంచార వైద్యానికి 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

సభ ముగిశాక ఒక సోదరి, మా ఆవులకు కూడా ఇది వస్తుందా అని అడిగారు. ఆ జవాబు కూడా ఇక్కడ చేరుస్తున్నాను. ఆవుకు చీలిన గిట్ట కాబట్టి కుళ్ళు రెండు డెక్కల సందులో మొదలవుతుంది. చాలావరకు ఆ క్రిమే, ఆ తడి నేలే. కానీ ఆవుకు కాలు వాచి జ్వరం కూడా వస్తుంది, ఇంజక్షన్లు అవసరమవుతాయి, కాబట్టి పైపూత మందుతో ఆగకుండా డాక్టరుకు చూపించండి. తోటలో గుర్రాలున్న అల్లుడు గారు మొన్న మామగారికి ఫోను చేసి, సాలలో పరచడానికి ముక్కిటుకలు ఎక్కడ దొరుకుతాయని అడిగారట. ఇటుకల బట్టీ నడిపిన సభ్యులు మనలో ఎవరైనా ఉంటే దయచేసి నాతో చెప్పండి.